పిట్ట ముట్టని రేవు

మూడో దినం పొద్దున రాజమల్లయ్య పెండ్లాం పేరు మీద వాగు ఒడ్డున విస్తరి పెట్టాడు. పిట్ట రాలేదు.

మోదుగాకుల విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు, పక్కన ముంతలో కల్లు. అమృతమ్మకు ఏవి ఇష్టమో ఆమె చెల్లెలు కిష్టవ్వ చెప్పింది. అవే వండారు. నీళ్ళు చిలకరించి అందరూ వెనక్కి జరిగి కానుగ చెట్ల కింద నిలబడ్డారు. నిలబడి ఆకాశం చూశారు. కాకి దిగి ఒక్క మెతుకు ముడితే చాలు, పోయిన మనిషి కడుపు నిండి తన తోవ తను పట్టినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలి ఈ గడ్డ మీదే తిరుగుతున్నట్టు.

కులపెద్ద పోచయ్య రెండు చేతులు నోటికి అడ్డం పెట్టి పిలిచాడు. "కా... కా... రా బిడ్డా. అమృతా, రా. వచ్చి తినిపో."

ఎండ విస్తరి మీదికి పాకింది. కూర మీద ఈగలు వాలాయి.

"మనసుల ఏమన్న పెట్టుకున్నదార ఆమె?" పోచయ్య అడిగాడు.

"నాకు తెల్వదు," అన్నాడు రాజమల్లయ్య.

"ఇన్నేండ్లు కాపురం జేసి తెల్వదంటవేందిరా?"

"తెల్వదంటే తెల్వదు."

కిష్టవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చింతమడక నుంచి వచ్చిన అమృతమ్మ తమ్ముడు దుబ్బయ్య ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా చూసి పోచయ్యే ఒక మాటకు వచ్చాడు.

"మూడో దినం ముట్టకపోతే ఏం గాదు. పెద్ద దినం నాడు ముడితది. ఆనాడు గూడ ముట్టకపోతే..."

ఆపైన అనాల్సిన పని లేదు. ఆ తర్వాత నెలమాసికానికి, ఏడాదికి పెడతారు గానీ అవి మనుషుల తృప్తికి. పోయిన మనిషి పోవడమో ఉండిపోవడమో పెద్ద దినం నాడే తేలుతుంది. రాజమల్లయ్యకు పిల్లలు లేరు. అమృతమ్మకు అన్నం పెట్టేవాడు అతనొక్కడే.

పిట్ట ఎందుకు రాలేదో కూడా అతనికే తెలుసు. వాగుగడ్డ మీద కాకి లేకుండా చేసింది అతనే.

వాగుగడ్డ ఒకప్పుడు సిద్దిపేటకు అవతల ఈతచెట్లు, తాటిచెట్లు తప్ప ఏమీ లేని ఒడ్డు. రాజమల్లయ్య తాత, తండ్రి ఆ చెట్లు గీసే బతికారు. తర్వాత వాగుకు అడ్డంగా చెక్‌డ్యాం వచ్చింది. నీళ్ళు నిలిచాయి. నీళ్ళు నిలిచిన చోటికి ప్లాట్లు వచ్చాయి, డాబాలు వచ్చాయి, రోడ్డుకు రెండు పక్కలా గొడుగులు విప్పినట్టు చెట్లు పెరిగాయి. ఆ వెనకాల పార్కు. ఇప్పుడు ఆదివారమైతే హైదరాబాదు నుంచి కార్లు వస్తాయి. వేలాడే వంతెన, హంస పడవలు, సీతాకోకచిలుకల తోట, పాటకు ఎగిరే ఫౌంటేను, పక్కన నిలబడి ఫోటో దిగడానికి మనిషి ఎత్తు ఎర్ర అక్షరాలు. ఈతవనం పోయింది. తాటిచెట్లను అందానికని ఉంచి, మొదలు నుంచి మొవ్వ దాకా లైట్ల తీగ చుట్టారు. తీగ చుట్టిన చెట్టుకు కల్లు పట్టే లొట్టి కట్టనివ్వరు.

దినాలు చేసుకునే రేవు పార్కు కొసన మిగిలింది. పార్కు చూడవచ్చినవాళ్ళ కంట చావు పనులు పడకూడదని అడ్డంగా రేకులు కొట్టారు. పార్కు వైపు రేకుల మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు. రేవు వైపు తుప్పు.

చెట్లు పోయిన రాజమల్లయ్యకు పార్కులో పని ఇచ్చారు. కాకులను తరిమే పని. వచ్చినవాళ్ళు తినేదంతా కాకులు ఎగరేసుకుపోతుంటే, బెంచీల మీద రెట్టలు వేస్తుంటే, మేనేజరు మహేందర్ తల పట్టుకున్నాడు. కాకుల సంగతి కల్లు గీసేవాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కాకి మూతి పెట్టిన లొట్టి పారబోయాల్సిందే. అందుకే గీసేవాడు మోకుతో పాటు గులేరు కూడా నడుముకు దోపుకుని చెట్టెక్కుతాడు. రబ్బరు లాగి వదిలితే రాయి ఎక్కడ తగలాలో రాజమల్లయ్య చేతికి తెలుసు.

వచ్చిన కొత్తలోనే ఒకదాన్ని కొట్టాడు. తండ్రి చేసినట్టే దాని కాళ్ళకు దారం కట్టి, అన్నిటికన్నా ఎత్తయిన తాటిచెట్టు మట్టకు తలకిందులుగా వేలాడదీశాడు. ఆ సాయంత్రం చుట్టుపక్కల కాకులన్నీ ఆ చెట్టు చుట్టూ తిరిగి తిరిగి అరిచాయి. కింద మోకు చుట్టుకుంటున్న మనిషిని చూసి అరిచాయి. మర్నాటి నుంచి పార్కు ఖాళీ. మహేందర్ సంబరపడి, ఇంకా గట్టిగా ఉండాలని డేగ అరుపు వినిపించే స్పీకరు కూడా పెట్టించాడు.

అయితే కాకి మొహం మరిచిపోదు. రాజమల్లయ్య పార్కు బయట కాలు పెడితే చాలు, ఎక్కడో ఒకటి లేచి అరిచేది. అంగీ మార్చినా అరిచేది, తలకు తువ్వాల చుట్టుకున్నా అరిచేది. అమృతమ్మ గేటు బయట బండి మీద మక్కకంకులు కాల్చి అమ్మేది. చెట్టు మీద కాకి గోల మొదలైతే తలెత్తకుండానే, "మా ఆయన వస్తుండు, చాయ పెట్టు," అని పక్క డబ్బా ఆమెతో చెప్పి నవ్వేది. ఆ బండి దగ్గరే, బొగ్గులు విసురుతూ విసురుతూ, ఒక సాయంత్రం పక్కకు ఒరిగింది. దవాఖానకు తీసుకుపోయే తోవలోనే అయిపోయింది.

ఆ మూడో దినం రేవు నుంచి రాజమల్లయ్య నేరుగా మహేందర్ గదికి పోయాడు.

"సారు, పెద్ద దినం దాక ఆ స్పీకరు బంద్ పెట్టున్రి."

"ఏ స్పీకరు?"

"డేగది."

"ఎందుకన్నా?"

"పిట్ట ముట్టలే."

మహేందర్ నంగునూరు మనిషి. విడమరిచి చెప్పే పని లేకపోయింది. "అయ్యో," అన్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు. "మా నాయినకు పెట్టినప్పుడు ఇస్తరి కింద పెట్టనియ్యలేదన్నా. చేతులకెల్లి గుంజుకున్నయి. ఇగో, గీడ గీరినయి." మణికట్టు చూపించాడు. అక్కడ ఏమీ లేదు.

"బంద్ పెట్టున్రి."

"పెద్ద దినం ఎప్పుడు? ఆదివారమా? అన్నా, ఆ దినమే నీళ్ళ మీద గట్టిన అద్దాల అరుగు ఓపెనింగు. పెద్దపెద్దోళ్ళు వస్తున్నరు. ఎవని నెత్తి మీదన్న రెట్ట వేసిందనుకో, నా నౌకరి ఊడుతది."

"వేస్తే తుడుచుకుంటరు."

"నువ్వు తుడుస్తవా?"

"తుడుస్త."

మహేందర్ నవ్వాపుకున్నాడు. "ఒక మాట జెప్పనా? స్పీకరు బంద్ పెడితే వస్తయనుకుంటున్నవా? అవి భయపడేది స్పీకరుకు గాదు. నీకు."

రాజమల్లయ్య గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఇతను పోయే మనిషి కాదని మహేందర్‌కు తెలుసు.

"సరే, ఆ దినం జనం వచ్చేదాక బంద్ పెడత. జనం రాంగనే మల్ల చాలు జేయిస్త. అంతకన్న నన్నడుగకు."

ఆ సాయంత్రమే రాజమల్లయ్య ఇంటి దూలానికి వేలాడుతున్న మోకు దించాడు. లైట్ల తీగ తెగకుండా, సందు చూసి పాదం పెట్టుకుంటూ పెద్ద తాటిచెట్టు ఎక్కాడు. కింద పార్కు చూడవచ్చినవాళ్ళు ఇదొక ఆట అనుకుని ఫోన్లు పైకెత్తారు. ఒకామె చప్పట్లు కూడా కొట్టింది. మట్టకు వేలాడుతున్నది ఇప్పుడు కాకి కాదు, ఎండిన రెక్కలు, దారం. విప్పి రొమ్ముకు ఆనించి పట్టుకుని దిగాడు. వాగు అవతల గుంట తీసి పూడ్చాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున రేవులో పిడికెడు అన్నం చల్లి కానుగల వెనక దాక్కున్నాడు. చీమలు వచ్చాయి. పార్కువాళ్ళు పడవల దగ్గర పెంచుతున్న తెల్ల బాతులు రేకుల సందులోంచి దూరి వచ్చాయి. వాగు అవతలి తుమ్మ మీద ఒకరోజు ఒక కాకి వాలింది. వాలి, కానుగల వైపే చూసి, అరిచి, పోయింది.

సిద్దిపేటలో కోడిమాంసం దుకాణాల వెనక కాకులు దండిగా ఉంటాయి. అక్కడికి పోయి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. కడుపులు నిండి, నల్లగా నిగనిగలాడుతూ, మనుషుల కాళ్ళ మధ్యే తిరుగుతున్నాయి. అతన్ని చూసి ఒక్కటి కూడా లేవలేదు. దుకాణం వాడు కత్తి తుడుచుకుంటూ, "కోడి గావాల్నా పెద్దమనిషీ, కాకి గావాల్నా?" అన్నాడు. రాజమల్లయ్య తిరిగి వచ్చేశాడు. ఇక్కడి కాకి ఇక్కడివాళ్ళకు. వాగుగడ్డలో పోయిన మనిషికి వాగుగడ్డ పిట్టే రావాలి.

పెద్ద దినం వచ్చింది.

చింతమడక నుంచి దుబ్బయ్య కుటుంబం, నంగునూరు నుంచి కిష్టవ్వ, అక్కన్నపేట నుంచి దూరపు చుట్టాలు ఆటోల్లో దిగారు. మూడో దినానికి రానివాళ్ళు కూడా వచ్చారు. దుబ్బయ్య కొడుకు దినేశ్ కొత్తగా పెళ్ళయినవాడు. అతని పెండ్లాం మైత్రి దినాలకు కట్టుకోకూడని రంగు చీర కట్టుకుని వచ్చింది. దిగగానే రేకుల సందులోంచి అవతలికి చూసింది.

"మామా, గా వంతెన ఊగుతదా?" అని రాజమల్లయ్యను అడిగింది.

"ఊగుతది."

"భయమైతదా?"

దుబ్బయ్య అందుకున్నాడు. "బావ గీ పార్కులనే పనిజేస్తడు గదనే. మనకు టికెట్టు గికెట్టు ఉండదు. అన్ని చూపిస్తడు. ముందుగాల పని గానియ్యి."

వండిన కుండలు రేవులో దించారు. విస్తరి పెట్టారు. మూడో దినం కన్నా పెద్ద విస్తరి. డేగ అరుపు లేదు. మహేందర్ మాట నిలబెట్టుకున్నాడు. అందరూ వెనక్కి జరిగారు. పోచయ్య పిలిచాడు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాడు.

తుమ్మ ఖాళీ. ఆకాశం ఖాళీ.

"మాట ఇయ్యిండ్రి," అన్నాడు పోచయ్య. "ఏం గావాల్నో అడిగి మాట ఇస్తే దిగుతది."

కిష్టవ్వ ముందుకు వచ్చింది. "అక్కా, నీ మేకను నేను దోలుకపోత. అమ్మను, కొయ్యను. నా పిల్ల లెక్క చూసుకుంట. రా అక్కా."

రాలేదు.

దుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. "అక్కా, బోనాలకు నిన్ను పిలువలేదని అలిగినవు గదా. తప్పయింది. ఏటేటా నీ పేరు మీద చీర పెడత. రా."

"నీ కంకుల బండి నేను నడుపుత అత్తా," అన్నాడు దినేశ్. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. దుబ్బయ్య కొడుకు వీపు మీద ఒకటి వేశాడు.

"మల్లూ, నువ్వు జెప్పు," అన్నాడు పోచయ్య. "మొగని మాటకు దిగుతది."

అందరూ రాజమల్లయ్య వైపు తిరిగారు. అతను ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. అమృతమ్మ ఏమడిగింది? చీర అడగలేదు. బంగారం అడగలేదు. ఒకసారి, పార్కు కొత్తగా తెరిచినప్పుడు, "ఆ వంతెన నడుమ నిలవడితే నీళ్ళు ఎట్ల కనవడుతయో," అంది. "ఇనుప తాళ్ళు, రేకులు. ఏమున్నది చూడనీకి," అన్నాడు తను. ఆమె కంకి తిప్పుకుంటూ నవ్వి ఊరుకుంది. అదేనా? అంత చిన్నదానికి మనిషి ఆగిపోతుందా? అది కాకపోతే ఇంకేది? పక్కన పడుకున్న మనిషి మనసులో ఏముందో ఒక్కటంటే ఒక్కటి చెప్పలేకపోతున్నందుకు అతనికి దుఃఖం రాలేదు. కోపం వచ్చింది.

"ఏం గావాల్నో ఒక్కనాడన్న నోరు తెరిచి జెప్పకపోతివి," అన్నాడు విస్తరి వైపు చూసి. "ఇప్పుడు తినకుంట సతాయిస్తున్నవు. తిను."

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. "గదేం మాట బావా," అంది కిష్టవ్వ.

ఎండ ముదిరింది. రేకుల అవతల ఫౌంటేను పాట మొదలైంది. చంటిపిల్లలు ఏడుపు ఎత్తుకున్నారు. పోచయ్య గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. అప్పుడు రేకుల కింది నుంచి ఒక తెల్ల బాతు దూరి వచ్చింది. తోక ఊపుకుంటూ, ఎవరినీ లెక్కచేయకుండా, నేరుగా విస్తరి దగ్గరికి నడిచింది. గారె ముక్క అందుకుంది. మెడ సాచి మింగింది. తర్వాత అన్నంలో మూతి పెట్టింది.

"ముట్టింది!" అన్నాడు దుబ్బయ్య.

"అది బాతు," అన్నాడు రాజమల్లయ్య.

"బాతైతేంది? రెక్కలున్నయా లేవా?"

"ఉన్నయి మామా, నేను జూస్తున్న," అన్నాడు దినేశ్. అప్పటికే ఫోను తీసి ఫోటో కొడుతున్నాడు.

అందరూ పోచయ్యను చూశారు. పోచయ్య బాతును చూశాడు. పిల్లలను చూశాడు. గొంగడి మడిచి భుజాన వేసుకున్నాడు. "కాకే ముట్టాల్నని ఎవడన్నడు? పిట్ట ముట్టాలె అన్నరు పెద్దలు. పిట్ట ముట్టింది. పోయింది మహాతల్లి. కానియ్యిండ్రి, తానాలు జేయిండ్రి."

"నా పెండ్లాం బాతయి రాలే," అన్నాడు రాజమల్లయ్య.

"మల్లూ, పంతం వట్టకు."

"ఆ బాతు రోజు వస్తది. పాప్‌కార్న్ వేసినా తింటది. మన్ను వేసినా తింటది."

దుబ్బయ్య దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "బావా, మాకు మాత్రం ఉండదా? నాకు తోడబుట్టింది. ఉండబట్టే గద గింతసేపు ఎండల నిలవడ్డం."

రాజమల్లయ్య చెయ్యి విడిపించుకున్నాడు. "నిలవడ్డది నీ అక్క కోసమా, పడవ కోసమా?"

దుబ్బయ్య మొహం నల్లబడింది. "చావు కాడ గూడ నోరు మారదు నీది. నీతోని మా అక్క ఎట్ల ఏగిందో ఏమో," అని విసురుగా నీళ్ళలోకి దిగాడు. మూడు మునకలు వేసి లేచాడు. మిగిలినవాళ్ళూ వేశారు. తడి బట్టలతోనే ఒకరి వెనక ఒకరు రేకుల సందులోంచి పార్కులోకి దూరారు. గేటు దాకా పోవడం ఎందుకని. చివరగా పోచయ్యను దినేశ్ చెయ్యి పట్టి దాటించాడు.

రేవులో రాజమల్లయ్య, కిష్టవ్వ మిగిలారు. బాతు విస్తరి ఊడ్చిపెట్టి నీళ్ళలోకి పోయింది.

కిష్టవ్వ కుండల అడుగున మిగిలింది గోకింది. కాస్త అన్నం, పులుసు, ముంతలో సగానికి కల్లు. మోదుగాకులు రెండు కలిపి పుల్ల గుచ్చి విస్తరి చేసింది. రాజమల్లయ్య దాన్ని నీళ్ళ అంచున పెట్టి కానుగల కిందికి వచ్చి కూర్చున్నాడు. ఆమె అతని ముందు అడ్డంగా కూర్చుంది.

తుమ్మ మీద ఒక కాకి వాలింది.

కిష్టవ్వ చెయ్యి అతని మోకాలి మీద పడింది. కాకి తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. విస్తరిని చూసింది. తర్వాత కిష్టవ్వ భుజం మీదుగా అతన్ని చూసింది. రాజమల్లయ్య తల వంచుకున్నాడు. తువ్వాల మొహం మీదికి లాక్కున్నాడు. కాకి అరిచింది. అన్నం చూసి తోటివాటిని పిలిచే అరుపు కాదు. చెట్టు కిందికి పిల్లి వస్తే అరిచే అరుపు. చిన్నప్పటి నుంచీ చెట్ల మీద విన్నవాడికి ఆ తేడా ఇంకొకరు చెప్పక్కర్లేదు. అది అలా అరుస్తున్నంతసేపూ అది దిగదు, ఇంకొకటి రాదు.

"బావా," అంది కిష్టవ్వ మెల్లగా. "నువ్వు పో."

"పెట్టినోడు చూడాలె."

"నువ్వు చూస్తే అది దిగదు."

"చూడకుంట నాకెట్ల తెలుస్తది?"

"నేను జూస్త. నా కండ్లు కండ్లు గావా?"

అతను చాలాసేపు లేవలేదు. పెట్టినవాడు కళ్ళారా చూసి, అప్పుడు మునగాలి. చూడనివాడు చావు మైల మోసుకుంటూ ఇంటికి పోయినట్టే. కానీ తను కూర్చున్నంతసేపూ అమృతమ్మ అక్కడే ఆకలితో తిరుగుతుంది. కాకి అరుస్తూనే ఉంది.

లేచాడు. వెనక్కి చూడకుండా రేకుల సందు దాటాడు. అరుపు కొంచెం దూరం వెంట వచ్చి ఆగిపోయింది.

పార్కు జనంతో నిండిపోయి ఉంది. మైత్రి ఎర్ర అక్షరాలకు ఒరిగి నిలబడింది. దినేశ్ మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీస్తున్నాడు. "మామా, నువ్వు గూడ రా, ఒక్కటి దిగుదాం," అని అరిచాడు. దుబ్బయ్య తడి ధోవతితో హంస పడవలో కూర్చుని కాళ్ళతో తొక్కుతున్నాడు. పడవ ముందుకు పోకుండా చుట్టూ తిరుగుతుంటే ఒడ్డు మీద చుట్టాలు పడీపడీ నవ్వుతున్నారు. వంతెన నడుమ ఆడవాళ్ళు తాళ్ళు పట్టుకుని కేకలు వేస్తున్నారు. పోచయ్య ఒక్కడే బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. అద్దాల అరుగు దగ్గర రిబ్బను కట్టి ఉంది. తెల్లబట్టల మనుషులు కార్లు దిగుతున్నారు. మహేందర్ చేతులు కట్టుకుని వాళ్ళకు ఎదురు పోతూ, గది వైపు తిరిగి ఎవరికో సైగ చేశాడు.

స్పీకర్లో డేగ అరిచింది.

రాజమల్లయ్య పరుగెత్తాడు. ఆ వయసులో పరుగెత్తే మనిషిని చూసి జనం తోవ ఇచ్చారు. గదిలో పడి, మిషను దగ్గర కూర్చున్న వాడిని పక్కకు నెట్టి, చేతికి దొరికిన తీగ దొరికినట్టు పీకాడు. డేగ ఆగింది. ఫౌంటేను పాట కూడా ఆగింది. బయట మైకులో ఎవరో "హలో, హలో" అంటున్నారు. ఎంతసేపు అరిచిందో అతనికి తెలియదు. అరిచింది మాత్రం నిజం.

మహేందర్ ఉరుక్కుంటూ వచ్చాడు. పీకిన తీగలు చూశాడు. అతని మొహం చూశాడు. తిట్టబోయి, బయట పెద్దమనుషులు ఉన్నారని గొంతు తగ్గించుకున్నాడు. "పో. బయటికి పో. రేపు మాట్లాడత నీతోని."

బయటికి వచ్చి రేకుల వైపు నడిచాడు. కిష్టవ్వ రేకుల ఇవతల నిలబడి ఉంది.

"ఏమైందే?"

"ముట్టింది బావా."

"జూసినవా?"

కిష్టవ్వ కొంగు వేలికి చుట్టుకుంది. అబద్ధం చెప్పడానికే వచ్చింది. చెప్పలేకపోయింది. "నువ్వు పోంగనే అరుసుడు బంద్ జేసింది. కింది కొమ్మకు దిగింది. ఇగ వస్తదనుకున్న. అంతల డేగ అరిసింది. లేసింది. ఎటు పోయిందో తెల్వలే. నేను గూడ ఉంటే మల్ల రాదేమోనని ఇటు వచ్చిన. తొంగి జూసేసరికి ఇస్తరి బోర్ల పడ్డది. అన్నం లేదు."

"కాకేనా?"

"కాకే అయితది బావా. కాకే."

అతను రేవులోకి పోయాడు. విస్తరి సగం నీళ్ళలో బోర్లా తేలుతోంది. ముంత ఒరిగి కల్లు మట్టిలో ఇంకిపోయింది. మెతుకు లేదు. వంగి మట్టి చూశాడు. పొద్దుటి నుంచి తొక్కిన చుట్టాల పాదాలు. వాటి మీద బాతుల తెరిచిన పాదాలు. వాటి మీద ఒక కుక్క నడిచినట్టుంది. మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో గడ్డి పక్కకు జరిపి, సన్నని మూడు వేళ్ళ గుర్తు కోసం ఒడ్డంతా వెతికాడు. అందరూ తొక్కిన మట్టి. ఏదీ తేలలేదు. తుమ్మ మీద ఏమీ లేదు.

మునిగితే ముట్టిందని ఒప్పుకున్నట్టు. మునగకపోతే ముట్టలేదని ఒప్పుకున్నట్టు. నీళ్ళ అంచున నిలబడి చాలాసేపు చూశాడు. మునగలేదు.

పొద్దు వాలేముందు చుట్టాలు గేటు దగ్గర పోగయ్యారు. పిల్లల చేతుల్లో బుడగలు. దుబ్బయ్యకు పొద్దుటి కోపం పోయింది. పడవ తొక్కి కాళ్ళు పీకుతున్నాయని నవ్వుతూ చెప్పుకుంటున్నాడు. కిష్టవ్వ మేకను తాడు పట్టి తెచ్చి, ఆటోలో తన కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకుంది. "కాకి గూడ ముట్టిందట," అని ఎవరో అన్నారు. "చెప్పలే?" అన్నాడు దుబ్బయ్య. కిష్టవ్వ తలవంచుకుని మేక చెవి నిమురుతోంది.

ఆటో కదిలేముందు దుబ్బయ్య తల బయటికి పెట్టాడు. "బావా, ఏం మనసుల పెట్టుకోకు. అద్దాల అరుగు ఎక్కనే లేదు ఇయ్యాల, జనం ఉండిరి. నెలమాసికానికి అందరం మల్ల వస్తం."

"రాకున్రి," అన్నాడు రాజమల్లయ్య.

దుబ్బయ్య పరాచికమనుకుని నవ్వబోయాడు. బావ మొహం చూసి ఆగిపోయాడు. ఆటోలు చెట్ల కింది రోడ్డు మీద పోయాయి. రాజమల్లయ్య పొడి బట్టలతో, పొడి తలతో ఇంటి వైపు నడిచాడు. తోవ పొడుగునా ఏ చెట్టు మీదా ఏదీ అరవలేదు.